ఎత్తైన మేడలు – వాని రంగులు

పట్నమునకు పోయి వచ్చినవానిని మా ఊరిలో మొదట అడుగు ప్రశ్న "మేడ ఎంత ఎత్తున్నది?" అనియే. చార్మినారైనను సరే, ఇప్పటి యేబది అంతస్తుల మేడయైనను సరే, ఎత్తు చెప్పినచో విన్నవారికి తృప్తి కలుగును. నేను తొలిసారి పట్నము చూచినప్పుడు నాకు పండ్రెండేండ్లు. కామారెడ్డిలో చిన్నపట్టాల బండి యెక్కి, కాచిగూడలో దిగి, మా పెదనాయన వెంట చార్మినారు చూచి మరునాటి బండికి తిరిగి వచ్చితిని. ఆ సాయంకాలము రచ్చకట్ట మీద అందరును ఎత్తునే అడిగిరి. నేనును చేతులు చాచి, మెడ వెనుకకు వాల్చి చూపితిని. ఒక్క ముసలి సుతారి మాత్రము, ఊరిలోని ఇండ్లకన్నిటికిని తన చేతితో సున్నము కొట్టినవాడు, "అది సరే గని చిన్న పటేలా, దాని రంగేంది?" అని అడిగెను.

తెల్లనిదని నేనంటిని. పసుపుపచ్చనిదని మా పెదనాయన యనెను. మా వెంట వచ్చిన పట్వారిగారు బూడిదరంగనిరి. మువ్వురమును ఒకే దినమున ఒకే కట్టడమును చూచి వచ్చినవారము. సుతారి నవ్వి, "ముగ్గురు జూసిండ్రు, ఒక్కరు గూడ గోడను జూడలే" అనెను.

ఆ మాట నాకు చిరకాలము గుచ్చుకొనియుండెను. తరువాత బడిపంతులుగా పనిచేసిన దినములలోను, పని విరమించిన పిమ్మటను, ఏ ఊరికి పోయినను ఎత్తైన కట్టడము కనబడినచో ముందు దాని రంగు చూచుట నాకు అలవాటైనది. అట్లు చూచినదానిని, చదివి తెలిసికొన్నదానిని, నేడు మీ ముందు పెట్టుచున్నాను. కడపట మా ఊరి సంగతి యొకటి చెప్పవలసియున్నది. అసలు ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్నది దాని కొఱకే.

మన ఇంటి గోడకు రంగు వేయుట కష్టమైన పని కాదు. పండుగ వచ్చినచో సున్నము తడిపి, అందులో చిటికెడు నీలిమందు కలిపి, అరుగులకు జాజు పూసి, గడపకు పసుపు రాచినచో ఇల్లు క్రొత్తదగును. వాన కడిగినచో మరల వచ్చు పండుగకు మరల పూయుదుము. నూటయేబది అడుగుల మీనారునకు ఏటేట సున్నము కొట్టువాడెవడు? పరంజి కట్టుటకే కొంప మునుగును. అదియును గాక దూరమొక చిక్కు తెచ్చిపెట్టును. మన కొండలు దగ్గర ఎఱ్ఱగా, బూడిదగా నున్నను, రెండు క్రోసుల దూరమునుండి నీలముగా కనబడును గదా. నడుమనున్న గాలి వానిపై తెర కప్పును. ఎత్తైన కట్టడమును జనులు చూచునది దూరమునుండియే. చెక్కడపు పని అంత దూరము చేరదు, ఆకారమును రంగును మాత్రమే చేరును. కావున పెద్ద కట్టడములు కట్టినవారు, వాన కడుగనిదియు, ఎండ తినివేయనిదియు, దూరమునకు తెలియునదియు నైన రంగును వెదకిరి. ఆ వెదకులాటయే ఈ చరిత్ర యంతయు నని నా తలంపు.

చార్మినారు 1591లో మహమ్మదు కులీ కుతుబు షాహు కట్టించినది. లోపలిది గ్రానైటు రాయి, సున్నము, పైనిది గచ్చు. ఆ గచ్చు సామాన్యమైనది కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చినచో అందులోని గాలి పోయి పొడిసున్నమగును. నీరు పోసినచో అది సలసల కాగి మెత్తనగును. దానిని ఇసుకతో గూడ గానుగలో నలుగగొట్టి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము మొదలగునవి చేర్చి, చాలదినములు మురుగబెట్టి గోడకు మెత్తుదురు. గోడమీద ఆరునప్పుడు అది పోగొట్టుకొన్న గాలిని మరల పీల్చుకొని తిరిగి రాయియగును. రాయి సున్నమై, సున్నము మరల రాయియగు ఈ వింత మన సుతారులకు ఏ శాస్త్రగ్రంథమును చదువకయే తెలియును. పై పూతలో పాలరాతి పొడిని కలిపి నునుపు చేసినచో ముత్యపు చాయ వచ్చును.

అట్టి గచ్చుకు ఒక్కటే రంగుండదు. మధ్యాహ్నపు ఎండలో తెలుపు, సంజలో పసుపు, మబ్బు పట్టిననాడు బూడిద. వానకాలము తడిసినచోట నాచు పట్టి, ఎండిన పిదప నల్లని చారలు నిలుచును. ఇప్పుడు పట్నపు బండ్ల పొగ దానికి తోడైనది. మేము మువ్వురమును చెప్పినది నిజమే. ఆ చార్మినారును మేము ప్రొద్దున నొకరము, మధ్యాహ్నము నొకరము, మునిమాపున నొకరము తలచుకొని చెప్పితిమి, అంతియే. 2019లో ఒక మీనారు నుండి గచ్చు పెళ్ల యొకటి ఊడిపడినప్పుడు దానిని మరల సున్నముతోడనే బాగుచేసిరిగాని సిమెంటు తోడ కాదు. గోలకొండ దగ్గరి కుతుబుషాహీ సమాధులలో ఇంతకు ముందటి తరమువారు సిమెంటు పూతలు పూసియుండగా, 2013 నుండి జరిగిన జీర్ణోద్ధారణలో వానిని గీకి తీసివేసి మరల సున్నమే పూసిరి. సిమెంటు గట్టిదే, కాని లోని తేమను బయటికి పోనీయదు. ఈ మాట మీరు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో మరల పని పడును.

ఆ సమాధులనే ఇప్పుడు చూచువారు అవి మొదటినుండియు తెల్లగా, బూడిదగా నుండెననుకొందురు. 1626లో గతించిన మహమ్మదు కుతుబు షాహు సమాధి కడకు పోయి గోడపైభాగమును తేరిపార చూడుడు. అక్కడక్కడ నెమలిమెడ రంగు పెంకులు అతుకుకొనియుండును. ఒకప్పుడు ఆ కట్టడపు మై యంతయు అట్టి పెంకులు మెఱసినవి. దూరమునుండి వచ్చు బాటసారికి గోలకొండ మైదానమున నీలపు కొండవలె కనబడియుండును. పాడువడిన కాలమున పెంకులు రాలినవి, రాలినవానిని జనులు ఏరుకొనిరి, సున్నము మిగిలినది. మనకు మిగిలినదానిని చూచి అదియే అసలు రంగని నమ్ముట మానవులకు సహజమైన పొరపాటు.

ఆ పెంకుల పని ఇంకను చాలవఱకు నిలిచియున్నచోటు పాతబస్తీలో నొకటి కలదు. అది బాదుషాహీ అషూర్‌ఖానా. చార్మినారు కట్టిన కొన్ని సంవత్సరములకే దానిని మహమ్మదు కులీ కట్టించెను. లోపలి గోడలమీది పెంకుల పని 1611 నాటిది. ఆ రాజు కొలువున పేష్వాగా నుండిన మీరు మోమిన్ ఇరాను దేశమువాడు. ఆ దేశమున నగరములకు నగరములే నీలపు పెంకులతో నిండియుండెను. ఆ విద్య అచటినుండియే మన దేశమునకు వచ్చినది. దాని మర్మము చెప్పెదను. మట్టి పెంకును కాల్చి, దానిపై గాజు కాగల ఇసుక, క్షారము, సీసము మున్నగువానిని నూరి పూసి మరల కాల్చుదురు. ఆ పూతలో రాగి చేరినచో నెమలికంఠపు రంగు, కోబాల్టు చేరినచో ముదురు నీలము, తగరము చేరినచో పాలతెలుపు వచ్చును. అయితే ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పాటి వేడి కావలయును. ఒకే పెంకుపై అన్ని రంగులును వేసి కాల్చినచో ఒకటి పండును, ఒకటి మాడును. కావున ఒక్కొక్క రంగు పెంకును వేఱువేఱుగా కాల్చి, ఉలితో ముక్కలు చెక్కి, ముగ్గులో చుక్కలవలె కూర్చిరి. గోడమీద వ్రాసినట్లు కనబడు ప్రతి తీగయు, ప్రతి ఆకును కోసి అతికిన ముక్కయే. నాలుగువందల యేండ్లు గడచినను ఆ రంగు వెలియలేదు. గాజునకు వెలియుట లేదు గదా.

కాని గాజు ఎండకు వెఱవకున్నను నీటికి లొంగినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్న సంగతి పెద్దలు విన్నదే. ఆ వఱద అషూర్‌ఖానాలోనికిని వచ్చి, గోడల క్రిందిభాగమున పెంకులను పాడుచేసెను. తరువాత బాగుచేసినవారికి ఆ పెంకులు చేయు చేతులు దొరకలేదు కాబోలు, ఊడినచోట గచ్చు పూసి, పై పెంకులను చూచి అదే తీరున రంగులతో వ్రాయించిరి. ఇప్పుడు పోయి చూచినచో పైన 1611 నాటి పని క్రొత్త పెండ్లికూతురివలె నుండగా, క్రింద దానికంటె మూడువందల యేండ్లు చిన్నదైన పని వెలవెలబోవుచున్నది. ఒకే గోడపై ఇంత తేటగా పాఠము చెప్పు బడి మఱొకటి నేను చూడలేదు.

ఇచట నొకసారి వెనుకకు పోవలెను. తురుష్కులు రాకపూర్వము మన తెలుగువారికి కట్టడములలో రంగు తెలియదనుకొనరాదు. ఓరుగల్లు సీమలోని పాలంపేటలో, గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిని చూడుడు. గుడి గోడలది ఎఱ్ఱని చాయగల ఇసుకరాయి. చూరు క్రింద నిలిచిన మదనికలు కాటుకవంటి నల్లరాయి. ఎఱుపుపై నలుపు నిలిపినచో బొమ్మ దూరమునకు తెలియునని తెలిసియే ఆ శిల్పి రెండు రాళ్లను రెండు చోట్లనుండి తెప్పించినాడు. ఆ గుడికి కుంచె తాకలేదు. 2021లో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

వఱద తరువాత పట్నమును తిరిగి కట్టవలసివచ్చెను. 1912లో నగరాభివృద్ధి సంఘము నేర్పడెను. అప్పటి కట్టడములలో పెంకుల వగలు లేవు, రాతిని రాతిగనే చూపిరి. మూసీ దక్షిణపు గట్టున ఉన్నతన్యాయస్థానమును 1915లో మొదలిడి 1919లో ముగించిరి. దాని రూపము జయపురపు శంకరలాలుగారిది. పని జరిపించినది మెహరు అలీ ఫాజిలుగారు. విన్సెంటు ఎష్ అను దొరయు అందులో పాలు పంచుకొనెను. గులాబి చాయ గ్రానైటు, ఎఱ్ఱని ఇసుకరాయి దానికి వాడిరి. ఏటి కావలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి సున్నపు తెలుపు. వంతెన నడుమ నిలిచి కుడియెడమలు చూచినచో, ఎఱ్ఱనిది దండించు ఇల్లు, తెల్లనిది మాన్పు ఇల్లు అని పసిపిల్లవాడైనను చెప్పును. అట్లే కట్టవలెనని తలపెట్టిరో లేదో గాని నాకు మాత్రము అట్లు తోచును.

ఈ రాతి రంగునకు మకుటమనదగినది ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభము. బెల్జియము దేశపు శిల్పి ఎర్నెస్టు జాస్పరు దాని రూపమును తీర్చెను. ఆ గ్రానైటు గులాబి రంగు ప్రొద్దుటి ఎండలో చూడవలెను. దానికి పూత లేదు, పెంకు లేదు. రంగు రాతి లోపలనే పుట్టినది. గ్రానైటులో మెఱయు పలుకురాయి యొకటి, నల్లని అభ్రకము వంటివి కొన్ని, ఫెల్డుస్పారు అను మఱొక ఖనిజము నుండును. ఈ ఫెల్డుస్పారులో పొటాషు ఎక్కువైనచో, దానికి ఇనుము రవ్వంత తోడైనచో, రాయి గులాబి చాయ దాల్చును. లేనిచో బూడిదరంగే.

ఆ రాయి మనకు పరాయిది కాదు. కామారెడ్డి చుట్టునున్న గుట్టలు, దోమకొండ దారిలోని బండలు, ఎల్లారెడ్డి కడకు పోవు త్రోవలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండు గుండ్లు, ఇవన్నియు ఆ జాతివే. వాని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని భూశాస్త్రజ్ఞులందురు. జుక్కలు, మద్నూరుల వైపు సాగినచో నేల నల్లనగును, గుట్టలు చదునగును. అది 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రింద భూమి కడుపునుండి పొంగి పాఱి గడ్డకట్టిన నల్లరాయి, అందునుండి పుట్టిన నల్లరేగడి. ఒకే జిల్లాలో తూర్పున గులాబి రాయి, పడమట నల్లరాయి. 2016లో జిల్లాకేంద్రమైనది మొదలు కామారెడ్డిలో లేచుచున్న అయిదంతస్తుల మేడలపై ఈ రెండు రంగులలో నొకటియు నాకు కనబడలేదు. ఊదా, నారింజ, చిలుకపచ్చ గలవు. రెండు వానకాలములలో చారలు కట్టుచున్నవి.

ఎల్లారెడ్డినుండి నాగిరెడ్డిపేట మీదుగా మెదకునకు పోవు బస్సెక్కినవారికి ఊరింకను దూరముండగనే బూడిదచాయ గోపురమొకటి కనబడును. అది మెదకు చర్చి. పాజ్నెట్టు దొర పూనికతో, మొదటి మహాయుద్ధము వెంట వచ్చిన కఱవు దినములలో, కూలికి కూడు పెట్టుచు కట్టించినది. 1924 డిసెంబరు 25న దానిని తెఱచిరి. గోపురపు ఎత్తు 175 అడుగులు. బయట చూచినచో రంగు పొడయే లేదు. లోపలికి పోయినచో మూడు దిక్కుల మూడు పెద్ద కిటికీలు గలవు. వన్నెవన్నెల గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి చేసినవి. ఒకటి 1927లో, ఒకటి 1947లో, కడపటిది 1958లో పెట్టిరి. గాజు కరుగునప్పుడే లోహపు భస్మములు కలుపుదురు గావున ఈ రంగును అషూర్‌ఖానా పెంకుల రంగును ఒక తల్లి బిడ్డలే. భేదమేమనగా పెంకు తనపై పడిన వెలుగును తిరిగి విసరును, కిటికీ వెలుగును తనలోనుండి పోనిచ్చును. ప్రొద్దు క్రుంకినచో ఆ బొమ్మలు లేవు, నల్లని కిటికీలు మాత్రమే యుండును. నేను మొదటిసారి సాయంకాలము చీకటిపడి పోయి, ఏమున్నది యిందులో అని తిరిగి వచ్చితిని. మఱునాడు ప్రొద్దుట మరల పోయినవాడను గంటసేపు కదలలేదు.

గుడి గోపురముల మాట చెప్పకున్నచో మీరు నన్ను విడువరు. అఱవదేశపు గోపురములు పంచవన్నెలతో చూపఱను పిలుచుచుండును. శ్రీరంగపు రాజగోపురము 1987లో ముగిసినది, 236 అడుగులు. మన వైపున మంగళగిరిలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807 మొదలు 1809 వఱకు కట్టించిన పదునొకండంతస్తుల గోపురము 153 అడుగులున్నను రంగులకు జంకినది. ఏది బాగని నేను తీర్పు చెప్పను. కాని ఒక్క సంగతి గమనింపుడు. పాతకాలపు గోపురములలో రంగులున్నచోటు పైన, అనగా ఇటుకతోను గచ్చుతోను చేసిన బొమ్మలమీద. క్రిందనున్న రాతి అంతస్తును రాతిగనే విడిచిరి. గచ్చు బొమ్మకు రంగు అక్కఱయే. అది వానకు తడిసి చెడకుండుటకును, దూరమునకు తెలియుటకును కావలయును. రాతికి ఆ పని లేదు. రాతిపై బొమ్మ వ్రాయదలచినప్పుడు లేపాక్షిలో చేసినట్లు ముందు సున్నపు పూత పూసి, ఆ పూతమీద వ్రాసిరి. ఇది వారి కట్టుబాటు.

మేడలకు పుట్టినిల్లనదగిన అమెరికాలోను ఈ చిక్కే వచ్చినది. 1913లో న్యూయార్కులో 792 అడుగుల ఉల్‌వర్తు మేడను కట్టినవారు, బొగ్గుపొగకు మాసిపోని తొడుగు కావలెనని, మెఱుగు పోసి కాల్చిన మట్టిపలకలను మీగడరంగున చేయించి మేడకంతయు తొడిగిరి. మన గోలకొండ పెంకుల తెరువే అది. రేమండు హుడ్డను శిల్పి ఇంకను చతురుడు. పగటివేళ తెల్లని మేడకు కిటికీలు నల్లని కన్నములవలె కనబడి అందము చెడునని గ్రహించి, 1924లో ఒక కంపెనీకి మేడనే నల్లని ఇటుకతో కట్టి, తలకు బంగారుపూత పూయించెను. ఆ కంపెనీ ఇండ్లను వెచ్చచేయు పరికరములు చేయునది, మేడ బొగ్గువలె నల్లగానుండి కొనయందు నిప్పువలె వెలిగెను. ఏడేండ్లకు అతడే మఱొక మేడను నీలియాకుపచ్చ పలకలతో కట్టి ఆకాశములో కలిపివేసెను. దూరపు కొండ నీలమగునని మన కాపులకు తెలిసినదే అతనికిని తెలిసినది.

ఇప్పుడు పట్నపు పడమటి దిక్కున, 1998లో ప్రారంభమైన సైబరు టవర్సు మొదలు, నేడు కోకాపేట వైపున లేచుచున్న మేడల వఱకు, గోడ యంతయు గాజే. గాజునకు తనదను రంగు లేదు. లోహపు పొర యొకటి పైన పట్టించుదురు. అందువలన నీలముగనో, పచ్చగనో కనబడుచు మబ్బు వచ్చినచో మబ్బునే తొడుగుకొనును. ఎండ వచ్చినచో ఎదుటి యింటివాని కండ్లలో కొట్టును. మనవంటి ఎండల దేశమున లోపల యంత్రముతో చల్లబఱచుకొని బ్రదుకవలసినదే. 2023 ఏప్రిలు 30న తెఱచిన 265 అడుగుల సచివాలయము మాత్రము తెలుపునే కోరుకొన్నది. తెలుపు వేడిని వెనుకకు కొట్టునని, మిద్దెమీద సున్నము కొట్టు మన అత్తలకును అవ్వలకును చెప్పనక్కఱలేదు.

ఇక మా ఊరి సంగతి. మా ఊరి దేవాలయమునకు ముందు నొక రాతి మండపము కలదు. పదునాఱు కంబములు. ఎన్నడు కట్టినదో ఎవరికిని తెలియదు. కొన్ని సంవత్సరముల క్రింద బ్రహ్మోత్సవములకు ముందు, మండపము మాసినది, పట్నపు గుళ్లవలె మెఱయవలెనని గ్రామపెద్దలము కూర్చుండి తీర్మానించితిమి. పెద్దలమనుచున్నాను; తీర్మానముపై మూడవ సంతకము నాది. అప్పటికే చార్మినారు, అషూర్‌ఖానా, మెదకు అన్నియు చూచి వచ్చిన వాడను. అయినను నోరు మెదపలేదు. చందాలు బాగుగా వచ్చియుండెను. నలుగురు సంతోషముగా నున్నచోట రంగు వద్దనుటకు నాకు మొగమాటమైనది. కంబములకు పసుపు, బోదెలకు ఎఱుపు, పద్మములకు పచ్చ. అంతయు నూనెరంగు, మూడు పూతలు. ఉత్సవమునాడు దీపముల వెలుగులో మండపము ధగధగలాడెను. చూచి నేనును మెచ్చుకొంటిని.

మూడవ వానకాలమునకు పసుపు పొక్కులు లేచినది. గ్రానైటు ఇసుకరాతివలె నీరు త్రాగదు, నిజమే. కాని కంబము మొదట, కీళ్లలో, పాత నెఱ్ఱెలలో తేమ పైకి ప్రాకును. అది ఆరుటకు దారి లేక రంగు వెనుక నిలిచి, ఉప్పు పువ్వు పూసి, పొరను నెట్టును. పొర ఊడునప్పుడు కొన్నిచోట్ల రాతి పైచెక్కును వెంట గొనిపోయెను. అంతకంటె పెద్ద నష్టము మఱొకటి జరిగినది. ఈశాన్యపు కంబముపై మూడు పంక్తుల వ్రాత యుండెను. నా చిన్నతనమున దానిపై వ్రేలు పెట్టి దిద్దుచు ఆడుకొన్నాము. ఎవరికిని చదువరాని వ్రాత గావున ఎవరును దానిని ఎత్తి వ్రాసికొనలేదు. మూడు పూతల రంగు ఆ అక్షరములను నింపివేసి కంబమును నునుపు చేసినది. ఊరి పేరు, దానమిచ్చినవాని పేరు, ఏ యేడో ఏ తిథియో, ఏమున్నదో అందులో. ఊరికి గల కాగితము అదొక్కటియే, దానిపై మేమే సిరా ఒలికించితిమి.

ఇసుకను గాలితో చిమ్మి ఒక్కదినములో రంగు గీకు యంత్రము గలదని ఒక గుత్తేదారు చెప్పెను. అది రంగుతోబాటు అక్షరపు అంచులను గూడ తినివేయునని తెలిసి నేనీసారి ఊరకుండలేదు. తెలిసినవారి నడిగి, రంగును మెత్తబఱచు లేపనము పూసి, తడిగుడ్డ కప్పి, వెదురు పుల్లతోను మెత్తని కుంచెతోను కొంచెముకొంచెముగా తీయ నారంభించితిమి. ఇనుప వస్తువు తాకనీయలేదు. నాకు తోడుగా వచ్చినవాడు నన్ను రంగడిగిన ఆ ముసలి సుతారి మనుమడు. ఇరువురమును కలిసి ఒక ఎండకాలములో ఒక్క కంబము నొకవైపు మాత్రము శుభ్రపఱచితిమి. పసుపు క్రింద ఎఱుపున్నది, ఎఱుపు క్రింద పాత సున్నమున్నది. దాని క్రింద రాయి బయటపడినప్పుడు అతడు చేయి తుడుచుకొని, "తాతా, ఇది గులాబి రంగు గదా" అనెను. డెబ్బది యేండ్లు ఆ మండపములో కూర్చుండి లేచిన నాకును అది అప్పుడే తెలిసినది.

మొదటి పంక్తిలో తొమ్మిది అక్షరములు తేలినవి. వానిని తడికాగితముపై అద్ది తీసి ఉంచితిని. తక్కిన రెండు పంక్తులు ఇంకను రంగు క్రిందనే యున్నవి.

ఇంతలో ఈ వచ్చు శ్రీరామనవమికి మండపము వెలిసిపోయినదని, మరల రంగు వేయింపవలెనని చందా పట్టీ వీధి వీధి తిరుగుచున్నది. మొన్న మా ఇంటికిని వచ్చెను. నా పేరునకు ఎదుట అంకె వేయకుండ ఖాళీ విడిచి, ఆలోచించి చెప్పుమని పోయిరి. ఆదివారము సభ.